హబ్బును ఇంటియొద్దనే విడిచి వెళ్ళుము

చిరంజీవి చిట్టిని పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరినది. మీ పెద్దమ్మకు కంటి శుక్లము ముదిరినందున ఆమెకు బిగ్గరగా చదివి వినిపించితిని. ఒగ్గుకథ రికార్డు చేయుచుండగా నడుమనడుమ చిటుకుచిటుకుమని శబ్దములు పడినవనియు, కథకుడు గొంతు తగ్గించి మల్లన్న మాటగా పలుకుచున్న ఘట్టమున అరక్షణము పాట పాటే మాయమైనదనియు, అందుచేత ఉన్న ఆడియో ఇంటర్‌ఫేసును అమ్మివైచి, దానికి మూడింతల వెలగల క్రొత్తదానిని అప్పుచేసియైనను కొని, కార్తీకమాసమున కారెంపూడి పల్నాటి వీరుల ఉత్సవములకు పోదలచితిననియు నీవు వ్రాసిన మాటలు చదివినది మొదలు నా మనసు మనసులో లేదు. అప్పు సంగతి మీ నాన్నకు తెలియునా యని నేను అడుగను. తెలియదని నాకు తెలియును.

జాబుతోడ నీవు పంపిన ఛాయాచిత్రమును భూతద్దము పెట్టి చూచితిని. చిత్రమున నీవు చిక్కిపోయి కనబడుచున్నావు, ఆ మాట తరువాత. ల్యాప్‌టాపు ప్రక్కనుండి ఒక చిన్న యూఎస్‌బీ హబ్బు వ్రేలాడుచున్నది. ఆ హబ్బునుండి ఇంటర్‌ఫేసు, దాని సరసనే పళ్ళెము తిరుగు జాతి డ్రైవు, ఆపై మౌసు, అన్నింటికి మించి చార్జింగు కొరకు తగిలించిన నీ ఫోను! అమ్మా, దోషము ఇంటర్‌ఫేసుది కాదు. ఒక్క చెంబెడు నీటితో పెండ్లివారి నందరిని కాళ్ళు కడుగుకొమ్మన్నట్లు ఉన్నది ఆ యేర్పాటు.

పాత తరహా యూఎస్‌బీ పోర్టు ఈయగల విద్యుత్తు అయిదు వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు. మూడవ తరము పోర్టయినచో 900. గోడ ప్లగ్గునుండి తన విద్యుత్తు తాను తెచ్చుకొనక ల్యాప్‌టాపు మీదనే ఆధారపడు హబ్బు ఆ కొద్దిపాటి దానినే అందరికిని పంచవలెను. రెండవ తరము నిబంధన ప్రకారము అట్టి హబ్బు ఒక్కొక్క ద్వారమునకు 100 మిల్లీ ఆంపియర్లకు మాత్రమే పూచీ పడును. నీ ఇంటర్‌ఫేసో, వచ్చిన అయిదు వోల్టులనే లోపల 48 వోల్టులుగా పెంచి కండెన్సరు మైకులకు ఫాంటమ్ పవర్ అందించవలసిన యంత్రము. ప్రక్కనున్న డ్రైవు నిదుర మేల్కొని పళ్ళెమును త్రిప్ప మొదలిడు క్షణమున, సాధారణముగా త్రాగుదానికంటె మిక్కిలి హెచ్చుగా విద్యుత్తును లాగును. ఆ క్షణముననే నీ కథకుడు గొంతు తగ్గించినాడేమో!

దారి చాలలేదేమో, రెండు యంత్రముల సమాచారము ఒక్క తీగలో ఇముడలేదేమో యని నీవు వ్రాసితివి. లెక్క వేసి చూడుము. 24 బిట్లతో, సెకనుకు 48,000 నమూనాల చొప్పున ఒక్క మైకు ధ్వనిని వ్రాసికొనుటకు సెకనుకు 1,44,000 బైట్లు పట్టును. ఎనిమిది మైకులు పెట్టినను సెకనుకు తొంబదిరెండు లక్షల బిట్ల పైచిలుకే. రెండవ తరము యూఎస్‌బీ దారి వెడల్పు సెకనుకు 48 కోట్ల బిట్లు. కనుక దారి ఇరుకు కాదు. ఉన్న తేడా వేరొకటి: డ్రైవునకు పోవు సమాచారము నడుమ ఎక్కడనైన చెడినయెడల యంత్రము దానిని మరల అడిగి తెప్పించుకొనును, ఆలస్యమైనను నష్టము లేదు. ధ్వని అట్లు కాదు. అది కాలము తప్పక నడువవలసిన ప్రవాహము. జారిపోయిన తునకను మరల పంపు పద్ధతి ఆ ప్రవాహమునకు లేనే లేదు. డ్రైవు పడిన తొట్రుపాటు ఎవ్వరికిని తెలియదు, ఇంటర్‌ఫేసు పడిన తొట్రుపాటు చిటుక్కుమని లోకమంతటికి వినబడును. అందుచేత ఆ రెండింటిని ఒక్క గుమ్మమున నిలుపరాదు, అందులోను హబ్బు గుమ్మమున.

నేను రేడియోలో క్రొత్తగా చేరిన దినములలో మమ్ములను గ్రామములకు రికార్డింగునకు తీసికొనిపోవు ఇంజినీరుగారు ఒకరుండిరి. పంచె గోచి పోసి కట్టి, మైకు స్టాండు తామే భుజమున మోసికొని నడచువారు. మాట కరకు, భోజనము వేళకు మాత్రము కుఱ్ఱవాండ్రకు వడ్డన అయినదో లేదో చూడక తాము విస్తరి ముందు కూర్చుండెడివారు కారు. వ్యానులో తీసికొనిపోవు పెద్ద యంత్రముపై ఏడంగుళముల స్పూలు, 1200 అడుగుల టేపు, సెకనుకు ఏడున్నర అంగుళముల వేగము. అనగా ముప్పది రెండు నిమిషములకు టేపు తీరిపోవును. కథ తీరదు గదా! అందుచేత వారు రెండు యంత్రములు పెట్టించి, మొదటి టేపు అంచు చేరకమునుపే రెండవదానిని నడిపించెడివారు. ఆ రెండింటికిని రెండు వేరువేరు చోట్లనుండి కరెంటు తెప్పించుట వారి పట్టుదల. ఒకనాడు బియ్యపు మిల్లు యజమానితో ఈ విషయమై వారు పడిన వాదులాట వ్రాసినచో మరియొక జాబు అగును. మిల్లు యజమాని తుదకు మా కందరికి పెసరట్లు పెట్టించినాడనుట మాత్రము చాలును.

ఇంకొక రాత్రి భుజమున వ్రేలాడదీసికొను చిన్న యంత్రముతో ఒక పల్లెకు పోయితిమి. మాతో వచ్చిన సహోద్యోగి యొకడు క్రొత్త సెల్లులను తన టార్చిలైటులో వేసికొని, అందలి పాతవానిని యంత్రములో పెట్టినాడు. యంత్రము తిరిగినది, ఎవ్వరికిని అనుమానము రాలేదు. సెల్లులు నీరసించినకొలది టేపు నెమ్మదించినది. నెమ్మదిగా నడచిన టేపును స్టూడియోలో సరియైన వేగమున నడిపినప్పుడు ఏమగునో నీకు చెప్పనక్కరలేదు: మంద్రస్థాయిలో గంభీరముగా పాడిన ఆ పెద్దమనిషి కంఠము అంతకంతకు సన్నగిల్లి, మంగళము పాడువేళకు ఉగ్గుపాలు త్రాగు పసిబిడ్డ గొంతు వచ్చినది. అందరును నవ్విరి, ఇంజినీరుగారు మాత్రము నవ్వలేదు. గాయకునకు ఏడుపదులు దాటినవనియు, ఆ కథను పూర్తిగా ఎఱిగినవారు ఆ తట్టున మఱియెవ్వరును లేరనియు వారు ఎఱుగుదురు. విద్యుత్తు ఎవరినుండి ఎవరికి పోవుచున్నదో చూచుకొనక మీట నొక్కవలదని వారు ఆనాడు చెప్పిన మాటయే నేను నేడు నీకు హబ్బు పేరిట చెప్పుచున్నాను.

కాబట్టి ఇంటర్‌ఫేసును ల్యాప్‌టాపు పోర్టునకు నేరుగా తగిలింపుము. పొట్టి కేబులు మేలు. డ్రైవును రికార్డింగు వేళ అసలు తగిలింపనే వలదు. ల్యాప్‌టాపు లోపలి ఎస్‌ఎస్‌డీలో స్థలము చాలదని భయపడుదువేమో. రెండు మైకులతో గంటకు ఇంచుమించు ఒక గిగాబైటు మాత్రమే. పాత సినిమాలు తొలగించినచో కారెంపూడి యంతయు అందులో పట్టును. తప్పనిసరియై బయటి డ్రైవుమీదనే వ్రాయవలసివచ్చినచో పళ్ళెము తిరుగనిది, ఎస్‌ఎస్‌డీ జాతిది, వేరొక పోర్టున పెట్టుము. టైప్-సీ కేబుళ్ళు చూచుటకు అన్నియు ఒక్కతీరుననే ఉండును. ఫోను చార్జింగునకు ఇచ్చు కేబులు చాలసారులు పాత రెండవ తరము వేగమునకే పరిమితము. డ్రైవుతో వచ్చిన కేబులుకు ఎఱ్ఱదారము కట్టి ఉంచుము. హబ్బు లేనిదే జరుగదన్న పక్షమున సొంత అడాప్టరు గల హబ్బు కొనుము, అందులోను ఇంటర్‌ఫేసు పెట్టవలదు. మౌసు, డ్రైవు దానియందు బ్రతుకగలవు. ఇంకను మౌసెందుకమ్మా, వేలితో రాయుటకు పలక ఉన్నది గదా!

బఫరు విషయమున నీవు 64 నమూనాలు పెట్టితినని గొప్పగా వ్రాసితివి. పాటగాండ్రు తమ గొంతు తాము హెడ్‌ఫోనులో వినుచు పాడునప్పుడు అది ఉపయోగము. వీరుల గుడి ముంగిట హెడ్‌ఫోను నీకే గదా. ఇంటర్‌ఫేసు నుండి నేరుగా వినుము, బఫరును 512కో 1024కో పెంచుము. ల్యాప్‌టాపునకు ఊపిరి తీసికొను వ్యవధి దొరకును. వైఫై ఆపుము, నిద్రపోవు అలవాటు మాన్పింపుము. యూఎస్‌బీకి విద్యుత్తు పొదుపుచేయు విండోస్ అమరికయు తీసివేయుము. చార్జరు తగిలించినప్పుడు గుయ్యిమను హమ్ము వచ్చినచో చార్జరు తీసి బ్యాటరీమీద నడుపుము, కాని ఎర్తు పిన్ను విరుగగొట్టు మూర్ఖపు ఉపాయము ఎవరైన చెప్పినయెడల వినవలదు.

కార్తీక అమావాస్య మొదలు అయిదు దినములు ఆ యుత్సవము. నాగులేటి గాలికి తెల్లవారుజామున ఎముకలు కొరుకు చలి. దగ్గు పూర్తిగా తగ్గినదా? శాలువ పెట్టెలో పెట్టుకొనుము, మీ పెద్దమ్మ శొంఠిపొడి పంపుచున్నది. ఆ వీరుల కథ పాడు వీరవిద్యావంతులు పంబజోడుతో కథ ఎత్తుకొన్నచో అది గంటలు చూచి ఆగునది కాదు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సాధారణపు వేవ్ ఫైలు నాలుగు గిగాబైట్లకు మించి పెరుగజాలదు. 24 బిట్లు, 48,000 నమూనాలు, రెండు చానళ్ళు ఒకే ఫైలుగా వ్రాసినచో నాలుగు గంటల ఎనిమిది నిమిషములకు ఆ హద్దు చేరును. ఫ్యాట్-32 పద్ధతిలో ఫార్మాటు చేసిన డ్రైవుకును అదే హద్దు. దానిని ఎక్స్‌ఫ్యాట్ చేయుము. కథకుడు తాంబూలమునకు ఆగిన చోట నీవును ఆపి, క్రొత్త ఫైలు మొదలిడుము. ప్రతి ఫైలు మొదట తేదీ, స్థలము, పాడువారి పేరు నీ నోటితో పలుకుము. వారి అనుమతి పొందకయు, ఏమైన సమర్పించుకొనకయు మైకు పెట్టవలదు.

ఆలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను రికార్డు చేసికొని, జీన్ రోఘెయిర్ అను పరిశోధకుడు దానిని ఆంగ్లమున గ్రంథముగా 1982లో వెలువరించినాడు. ఆ కంఠము యంత్రమునకు చిక్కినందువలననే గదా ఆ పని జరిగినది! ఆ వరుసలో మా యింటి పిల్ల మైకు పట్టుకొని నిలుచున్నదన్న తలంపునకే నాకు ఈ వయసున గుండె నిండుచున్నది. మీ నాన్న నిన్ను ఉద్యోగము చూచుకొమ్మని అరచినప్పుడు నేను నోరు మెదపనిది అందుకే. అయినను హబ్బు సంగతి వేరు.

రికార్డింగు ముగిసిన రాత్రి, ఎంత నిద్ర వచ్చినను, పండుకొనుటకు ముందు రెండు డ్రైవులకు ప్రతులు తీయుము. ఒకదాని తరువాత ఒకటి, నేరుగా పోర్టుననే. తీసినదానిని తెఱచి నడుమ ఒకచోట విని, 'ఎజెక్టు' చెప్పిన తరువాతనే తీగ లాగుము. ఆ రెండింటిని ఒక్క సంచిలో పెట్టినచో ఒక్క దొంగకే రెండును దక్కును.

క్రొత్త ఇంటర్‌ఫేసు కొనవలదు. ఆ అప్పు చేయవలదు. శాలువకును మంచి భోజనమునకును కొంత పైకము పంపుచున్నాను. దానితో కేబుళ్ళు కొనకుము. రెండవ డ్రైవును, కారెంపూడినుండి తిరిగివచ్చు త్రోవలో నీవే దిగి నా చేతికి ఇచ్చి, రెండు దినములు ఉండి పొమ్ము.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ పెదనాన్న