నొప్పి మూడు రోజులు, ఓపిక మూడు నెలలు

పంటి ఇంప్లాంట్ పెట్టించుకోమని డాక్టరు చెప్పగానే చాలామంది వాయిదాలు మొదలుపెడతారు. పండగ వెళ్లనీ, పిల్లల పరీక్షలు అవనీ అంటారు. అసలు కారణం భయం. దవడ ఎముకకు డ్రిల్ పెడతారంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఆ భయాన్ని దాచుకోకండి, డాక్టరు ముందే బయటపెట్టండి. మత్తు బాగా ఎక్కాక మామూలుగా తెలిసేది ఒత్తిడీ, అదురూ. చురుక్కుమంటే వెంటనే చెయ్యెత్తండి, ఇంకొంత మత్తు ఇస్తారు. ఆ కుర్చీలో బాధను దిగమింగి కూర్చోవడం ధైర్యం కాదు.

నొప్పి తెలిసేది ఇంటికొచ్చి, మత్తు దిగేటప్పుడు. డాక్టరు రాసిన మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందే అడిగి తెలుసుకోండి. వాపు రెండో రోజో మూడో రోజో బాగా కనిపిస్తుంది. అద్దంలో ఉబ్బిన బుగ్గ చూసి కంగారు పడేది అప్పుడే. గాయం మానేటప్పుడు అది మామూలే. మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐసును బుగ్గ మీద కాసేపు పెట్టి తీస్తూ ఉండండి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో మెల్లగా తిప్పి వదిలేయండి. పెరుగన్నం, చల్లారిన జావ చాలు. జంతికలకూ ఆవకాయకూ కొన్నాళ్లు సెలవు. సిగరెట్ మాత్రం పూర్తిగా మానాల్సిందే. రక్తప్రసరణను తగ్గించి, ఇంప్లాంట్ ఊడిపోయే ప్రమాదాన్ని పెంచే అలవాటు అది.

గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే: నొప్పి రోజురోజుకూ తగ్గాలి. నాలుగో రోజు తర్వాత పెరుగుతున్నా, చీము, జ్వరం కనిపించినా, మర్నాటికీ పెదవి మొద్దుబారే ఉన్నా ఫోన్ చేయండి. ‘ఏమనుకుంటారో’ అనే మొహమాటం ఇక్కడ చాలా చెడ్డది.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది: ఇంప్లాంట్ ఎముకతో కలిసిపోయేదాకా ఆగడం. ఈ కలయికను గమనించింది స్వీడన్ పరిశోధకుడు బ్రానెమార్క్. ఆయన 1950లలో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో ఆయన తొలిసారి ఒక మనిషికి అమర్చిన ఇంప్లాంట్లు నలభై ఏళ్లు దాటి పనిచేశాయి. ఎముకా ఇంప్లాంటూ అలా కలిసిపోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నొప్పి లేదు కాబట్టి అంతా అయిపోయిందనిపించే కాలం ఇదే, అశ్రద్ధ చేసేదీ ఇప్పుడే. పక్కింటాయనకు వెంటనే పన్ను పెట్టారని డాక్టరును తొందరపెట్టకండి, ఆయన ఎముక వేరు, మీ ఎముక వేరు. షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోండి. మెత్తటి బ్రష్‌తో రోజూ శుభ్రం చేసుకోండి. క్యాప్ ఎప్పుడు పెడతారో అడిగి క్యాలెండర్‌లో రాసుకోండి, అప్పటిదాకా ఆ వైపు గట్టివి నమలకండి.