తలుపు తట్టిన లేఖ

పాఠ్యభాగ ఉద్దేశం

ఈ-మెయిల్ ద్వారా వచ్చే జతపరచిన ఫైళ్లలో దాగి ఉండే వైరస్‌ల స్వభావాన్ని, అవి ధరించే కపట వేషాలను విద్యార్థులకు తెలియజేయడం. ఇంటిలోని కంప్యూటర్‌ను, అందులో భద్రపరచుకున్న విలువైన సమాచారాన్ని కాపాడుకునే మార్గాలను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశిక

ఇల్లు కట్టుకున్నవాడు తలుపుకు గడియ పెట్టించుకోవడం మరువడు. రాత్రివేళ ఎవరైనా తలుపు తడితే ‘ఎవరది?’ అని అడిగి, గొంతు గుర్తించిన తరువాతనే తీస్తాడు. ఇంతటి జాగరూకత గల మనిషే కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఆ అలవాటును మరచిపోతున్నాడు. ఎవరో పంపిన ఉత్తరం, దానికి జతచేసిన ఫైలు తెరపై కనిపించగానే వేలు మౌస్‌పైకి పోతుంది. గడియను ఇంటివాడే తీసినప్పుడు అది ఎంత గట్టిదైనా ఏమి ప్రయోజనం?

పాఠం

2004వ సంవత్సరంలో నాకు ఒక ఉత్తరం వచ్చింది. పంపినవారి స్థానంలో నా పూర్వ విద్యార్థి పేరు ఉంది. ‘జతచేసిన పత్రాన్ని చూడగలరు’ అన్న భావంతో ఒక్క వాక్యం మాత్రమే అందులో కనిపించింది. అభిమానంతో ఆ పత్రాన్ని తెరిచాను. తెరపై ఏమీ కనిపించలేదు. మూడవనాటికి కంప్యూటర్ పనిచేయడం మానివేసింది. మరమ్మతు చేయవచ్చిన యువకుడు హార్డ్ డిస్కును పూర్తిగా చెరిపివేయడం తప్ప గత్యంతరం లేదన్నాడు. “వేరే చోట కాపీ ఏమైనా ఉందా సార్?” అని అడిగాడు. లేదు. నాలుగేళ్లపాటు పల్లెలు తిరిగి, వృద్ధుల నోట విని, టైపు చేసుకున్న చాటుపద్యాలు మూడువందలకు పైగా అందులో ఉన్నాయి. నోటుపుస్తకాలలో వాటిలో సగం కూడా మిగలలేదు. మళ్లీ అడిగి రాసుకుందామని వెళితే, చెప్పినవారిలో కొందరు అప్పటికే కీర్తిశేషులయ్యారు. కంప్యూటర్ బాగుపడింది, ఆ పద్యాలు తిరిగి రాలేదు. ఆ విద్యార్థిని విచారిస్తే తాను అటువంటి ఉత్తరమే పంపలేదన్నాడు.

ఈ నష్టానికి కారణం యంత్రం కాదు. పేరును చూసి ఉత్తరాన్ని నమ్మిన నా తొందరపాటు. పంపినవారి పేరు తెలిసినదైనంత మాత్రాన వచ్చిన ఫైలు నమ్మదగినది కాదు. ఈ పాఠం సారమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

విషం అనే మాట

‘వైరస్’ లాటిన్ భాషా పదం. దానికి విషమని అర్థం. మన ‘విష’ శబ్దమూ, ఆ పదమూ ఒకే మూలం నుంచి పుట్టినవని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. కంప్యూటర్ వైరస్ ప్రాణి కాదు. అది దురుద్దేశంతో రాసిన ప్రోగ్రాం. మరొక ఫైలును ఆశ్రయించి, ఆ ఫైలును తెరిచినప్పుడు తానూ మేల్కొని, తన ప్రతులను ఇతర ఫైళ్లలో చేర్చుతుంది. ఆశ్రయం అవసరం లేకుండా తనంత తానే ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు పాకే దానిని ‘వర్మ్’ అంటారు, అంటే పురుగు. ఉపయోగకరమైన వస్తువు రూపంలో లోపలికి వచ్చి ద్రోహం చేసేది ‘ట్రోజన్’. ట్రాయ్ నగరవాసులు కొయ్యగుర్రాన్ని తామే కోటలోకి లాగుకొనిపోయి, అందులో దాగిన గ్రీకు సైనికుల చేత నాశనమైన గాథ నుంచి ఈ పేరు వచ్చింది. వాడుకలో ఈ మూడింటినీ వైరస్‌లనే అంటున్నాము.

1986లో లాహోర్ నగరంలో ఇద్దరు సోదరులు రాసిన ‘బ్రెయిన్’ అనే వైరస్ ఫ్లాపీ డిస్కుల ద్వారా దేశదేశాలకు వ్యాపించింది. డిస్కు చేతులు మారినప్పుడే అది కదిలేది. ఈ-మెయిల్ వచ్చిన తరువాత ఆ ప్రయాణానికి రెక్కలు వచ్చాయి. 1999 మార్చిలో వెలువడిన ‘మెలిస్సా’ వర్డ్ పత్రంలో దాగి వచ్చి, దానిని తెరిచినవారి చిరునామాల పుస్తకంలోని తొలి యాభైమందికి తనను తాను పంపుకొనేది.

ప్రేమలేఖ కథ

2000 మే నెల 4వ తేదీన ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరిన ఒక వర్మ్ ఈ విషయంలో ప్రపంచానికి పెద్ద గుణపాఠం నేర్పింది. ‘ఐ లవ్ యూ’ అనే శీర్షికతో ఉత్తరం వచ్చేది. దానికి ఒక ప్రేమలేఖ జతచేసి ఉండేది. ఆ ఫైలు పేరు చివర ‘.టీఎక్స్‌టీ.వీబీఎస్’ అని రెండు తోకలు ఉన్నాయి. మొదటిది సాధారణ పాఠ్యానికి గుర్తు. రెండవది, కంప్యూటర్ ఆజ్ఞగా స్వీకరించి అమలుచేసే స్క్రిప్టుకు గుర్తు. విండోస్ తనకు తెలిసిన చివరి తోకను మామూలుగా దాచిపెడుతుంది. అందువల్ల చూచేవారికి అది అమాయకమైన లేఖగానే కనిపించింది.

తెరిచిన వెంటనే అది చిరునామాల పుస్తకంలోని అందరికీ తన ప్రతులను పంపింది. ఛాయాచిత్రాల ఫైళ్లను చెరిపి వాటి స్థానంలో తాను కూర్చుంది. పాటల ఫైళ్లను దాచివేసింది. అందుకున్నవారికి అది స్నేహితుని నుంచో, పై అధికారి నుంచో, సోదరి నుంచో వచ్చినట్లే ఉండేది. నిజానికి వచ్చింది వారి కంప్యూటర్ నుంచే. కొద్ది రోజులలోనే లక్షలాది కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటిష్ పార్లమెంటులోని కామన్స్ సభ తన ఈ-మెయిల్ వ్యవస్థను కొంతసేపు మూసివేయవలసి వచ్చింది. దీనిని రాసినవాడు మనీలాలో కంప్యూటర్ విద్య అభ్యసించిన యువకుడని తెలిసినప్పటికీ, అటువంటి చర్యను నేరంగా పరిగణించే చట్టం ఆ దేశంలో అప్పటికి లేకపోవడంతో కేసు నిలవలేదు.

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం అదే సంవత్సరం అక్టోబర్ 17న అమలులోకి వచ్చింది. ఇతరుల కంప్యూటర్‌లో అనుమతి లేకుండా వైరస్ ప్రవేశపెట్టడాన్ని ఆ చట్టం 43వ సెక్షన్ నిషేధిస్తున్నది. దురుద్దేశంతో అట్లా చేసినవారికి 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష గాని, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, లేదా రెండూ గాని విధించవచ్చు. సరదాకైనా అటువంటి ప్రయోగాలు చేయరాదని విద్యార్థులు గ్రహించాలి.

వేషాలను గుర్తించడం

ప్రేమలేఖ వేషం పాతబడింది. ఇప్పుడు వైరస్ బిల్లుగా, బ్యాంకు నోటీసుగా, పార్శిల్ రసీదుగా, ఆదాయపు పన్ను వాపసుగా, ఉద్యోగ నియామక పత్రంగా వస్తున్నది. 2016లో వ్యాపించిన ‘లాకీ’ బిల్లు రూపంలోని వర్డ్ పత్రంగా వచ్చి, కంప్యూటర్‌లోని ఫైళ్లన్నింటికీ రహస్య లిపి తాళం వేసి, తాళం తీయడానికి డబ్బు కోరింది. ఇటువంటి వాటిని ‘రాన్సమ్‌వేర్’ అంటారు. వేషాలు మారినా లక్షణాలు మారవు. అవి ఇవి:

1. తొందరపెట్టడం. ‘ఈ రోజే తెరవకపోతే ఖాతా మూసివేస్తాము’ అనడం. ఆలోచించే వ్యవధి ఇవ్వకపోవడమే మోసగాని ప్రధాన ఉపాయం.

2. కారణం లేని జతపత్రం. మనం కొననిదానికి బిల్లు, దరఖాస్తు చేయని ఉద్యోగానికి నియామకం.

3. అనుమానాస్పదమైన తోక. ‘.ఈఎక్స్ఈ’, ‘.ఎస్‌సీఆర్’, ‘.వీబీఎస్’, ‘.జేఎస్’ అనే తోకలు గల ఫైళ్లు చూడడానికి కాదు, నడవడానికి పుట్టినవి. వీటిని తెరవరాదు.

4. పాస్‌వర్డుతో మూసిన జిప్ ఫైలు. పాస్‌వర్డును అదే ఉత్తరంలో ఇచ్చినట్లయితే మరింత అనుమానించాలి. తాళం వేసిన పెట్టెలోకి యాంటీవైరస్ తొంగిచూడలేదు కనుకనే మోసగాళ్లు ఈ పద్ధతిని అనుసరిస్తారు.

5. పత్రం తెరిచిన తరువాత ‘మాక్రోలను అనుమతించండి’ అని కోరడం. మాక్రో అంటే పత్రంలో ఇమిడిన చిన్న ప్రోగ్రాం. ఇంటర్నెట్ నుంచి వచ్చిన పత్రాలలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2022 నుంచి తానే అడ్డగిస్తున్నది. ఆ అడ్డును తొలగించమని ఉత్తరం రాసినవారు కోరితే, ఎవరి మేలుకు కోరుతున్నారో ఆలోచించాలి.

పాటించవలసిన నియమాలు

మొదటి నియమం విచారించడం. ఊహించని ఫైలు వచ్చినప్పుడు, పంపినట్లు పేరున్న వ్యక్తికి ఫోన్ చేసి ‘మీరు పంపారా?’ అని అడగాలి. ఆ ఉత్తరానికే ప్రత్యుత్తరం ఇచ్చి అడిగితే, సమాధానం మోసగాడే ఇవ్వవచ్చు. ఒక్క నిమిషం ఫోన్ సంభాషణ నా మూడువందల పద్యాలను కాపాడి ఉండేది.

రెండవది, ఫైళ్ల తోకలు పూర్తిగా కనిపించేటట్లు విండోస్‌లో అమర్చుకోవడం. ఫోల్డర్ తెరిచి, ‘వ్యూ’ అనే చోట ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ను ఎంచుకుంటే చాలు.

మూడవది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఇతర ప్రోగ్రాంలకు వచ్చే సవరణలను వెంటనే స్వీకరించడం. 2017 మే 12న వ్యాపించిన ‘వానాక్రై’ ఉత్తరం అవసరం లేకుండానే నెట్‌వర్క్ గుండా పాకి, ఎన్నో దేశాలతోపాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లను కూడా తాకింది. అది ప్రవేశించిన రంధ్రాన్ని పూడ్చే సవరణ అంతకు రెండు నెలల ముందే విడుదలైంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినది కనుక, దానిని వాడేవారు కొత్త వ్యవస్థకు మారడం మంచిది.

నాలుగవది, యాంటీవైరస్‌ను మెలకువగా ఉంచడం. ఇప్పటి విండోస్‌లో ‘డిఫెండర్’ ముందుగానే ఉంటుంది. దానిని ఆపివేయకూడదు. అయితే నిన్నటి వైరస్‌ను గుర్తించే కాపలాదారు నేడు పుట్టినదానిని గుర్తించలేకపోవచ్చు. అందుచేత కాపలాదారు ఉన్నాడని ఇంటివాడు ఆదమరచి ఉండరాదు.

ఐదవది, నిత్యకృత్యాలకు అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని సాధారణ ఖాతాను వాడడం. ఇంట్లో తల్లిదండ్రులు, పిల్లలు ఒకే కంప్యూటర్ వాడుతున్నప్పుడు ఇది మరీ అవసరం. ఒకరి పొరపాటు ఇల్లంతటికీ చుట్టుకోకుండా ఇది కొంత అడ్డుపడుతుంది.

విదురుని సొరంగం

మహాభారతం ఆదిపర్వంలో లక్క ఇంటి ఉదంతం ఉంది. పాండవులకు ఆ ఇల్లు ఎంతో ఆదరంతో ఇచ్చినట్లుగానే ఇచ్చారు. విదురుడు ప్రమాదాన్ని ముందుగా ఊహించి, ఇతరులకు అర్థం కాని మాటలలో ధర్మరాజును హెచ్చరించాడు. అంతటితో ఊరుకోక, సొరంగం తవ్వేవానిని కూడా పంపాడు. ఇల్లు అంటుకున్న రాత్రి పాండవులను కాపాడినది హెచ్చరిక ఒక్కటే కాదు. అంతకు ముందే తవ్వి సిద్ధంగా ఉంచుకున్న సొరంగం.

కంప్యూటర్ విషయంలో ఆ సొరంగమే బ్యాకప్. అంటే ఫైళ్లకు మారు ప్రతులు తీసి వేరుగా భద్రపరచడం. ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులు ఉండాలనీ, అవి కనీసం రెండు రకాల సాధనాలలో ఉండాలనీ, వాటిలో ఒకటి ఇంటికి వెలుపల ఉండాలనీ నిపుణులు చెబుతారు. బయటి హార్డ్ డిస్కులో ప్రతి తీసిన వెంటనే దానిని కంప్యూటర్ నుంచి వేరుచేయాలి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. ఇల్లు అంటుకున్న తరువాత సొరంగం తవ్వడం ఎవరికీ సాధ్యం కాదు.

పొరపాటు జరిగితే

ఎంత జాగ్రత్తపడినా పొరపాటు జరగవచ్చు. అప్పుడు భయంతోనో, తల్లిదండ్రులు మందలిస్తారనే సంకోచంతోనో దాచిపెట్టకూడదు. వెంటనే ఇంటర్నెట్ సంబంధాన్ని తెంచివేయాలి. పూర్తి స్కాన్ చేయాలి. మరొక సురక్షితమైన కంప్యూటర్ నుంచి పాస్‌వర్డులను మార్చుకోవాలి. మన చిరునామాల పుస్తకంలో ఉన్నవారికి ‘నా పేరుతో వచ్చే ఫైళ్లను తెరవకండి’ అని తెలియజేయాలి. భారత ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వైరస్ తొలగింపు సాధనాలను ఉచితంగా అందిస్తున్నది. డబ్బు పోయినట్లయితే 1930 నంబరుకు తక్షణమే ఫోన్ చేయాలి.

ముగింపు

నేడు ఇదే మోసం సెల్‌ఫోన్‌లోకీ వచ్చింది. పెళ్లి శుభలేఖ పేరుతో ‘.ఏపీకే’ ఫైలు వాట్సాప్‌లో వస్తున్నది. తెరిస్తే శుభలేఖ ఉండదు. ఫోన్ పరుల వశమవుతుంది. పెట్టె మారింది గాని విషం అదే. మనం తెరిచిన ఫైలు మన బంధుమిత్రుల ఇళ్లకు మన పేరుతోనే వెళ్లి తలుపు తడుతుందని గుర్తుంచుకోవాలి. మన జాగ్రత్త మనకొక్కరికే రక్ష కాదు. నమ్మకంతో మన పేరు చూసి తలుపు తీసే ప్రతివారికీ అది రక్ష. కనుక ఫైలును తెరిచే ముందు ఒక్క క్షణం ఆగి, ‘ఎవరది?’ అని అడగండి.

కఠిన పదాలు – అర్థాలు

జాగరూకత = మెలకువ, అప్రమత్తత
గత్యంతరం = మరొక మార్గం
చాటుపద్యం = కావ్యంలో చేరక విడిగా ప్రచారంలో ఉన్న పద్యం
కీర్తిశేషుడు = మరణించినవాడు
ఉదంతం = వృత్తాంతం
నిత్యకృత్యం = రోజూ చేసే పని

వ్యాకరణాంశాలు

సంధులు:
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
గత్యంతరం = గతి + అంతరం – యణాదేశ సంధి
ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం – యణాదేశ సంధి

సమాసాలు:
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
లక్క ఇల్లు – లక్కతో చేసిన ఇల్లు – తృతీయా తత్పురుష సమాసం
కపట వేషం – కపటమైన వేషం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ‘పంపినవారి పేరు తెలిసినదైనంత మాత్రాన వచ్చిన ఫైలు నమ్మదగినది కాదు’ – పాఠంలోని ఉదాహరణలతో సమర్థించండి.
2. ఇంటి కంప్యూటర్‌ను వైరస్‌ల నుంచి కాపాడుకోవడానికి పాటించవలసిన నియమాలను వివరించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. వైరస్, వర్మ్, ట్రోజన్‌ల మధ్య భేదం ఏమిటి?
2. ‘ఐ లవ్ యూ’ ఫైలు చూచేవారిని ఎట్లా మోసగించింది?
3. రచయిత బ్యాకప్‌ను విదురుని సొరంగంతో ఎందుకు పోల్చాడు?

ఇ) ఏకపద లేదా ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘వైరస్’ అనే లాటిన్ పదానికి అర్థమేమిటి?
2. ‘మెలిస్సా’ తొలుత ఎంతమందికి తనను తాను పంపుకొనేది?
3. సమాచార సాంకేతిక చట్టం ఎప్పుడు అమలులోకి వచ్చింది?