సేవయే వృత్తిగా

"చదువు ముగిసిన పిదప ధర్మసంస్థలో పనిచేసెదను" అని బిడ్డ పలికినచో తల్లిదండ్రుల గుండె ఝల్లుమనుట సహజము. జీవనము గడచునా, గౌరవము దక్కునా యని మనము చింతింతుము. ఈ సందేహమునకు సమాధానము ఏళాయిరంపన్నైకి దూరమున లేదు.

ఎట్టయాపురము చెంతనున్న వడమలాపురమున 1918లో రైతు కుటుంబమందు జన్మించిన డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు, కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరపోయినను, కంటి శస్త్రచికిత్స నేర్చి ప్రభుత్వ వైద్యులైరి. ఉద్యోగము విరమించిన 1976లోనే మధురయందు 11 పడకలతో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించిరి.

ఇందు మనము గమనింపవలసినది దయ మాత్రమే కాదు, లెక్క కూడ. ఇచ్చుకొనగలవారి రుసుముతో లేనివారికి ఉచిత చికిత్స జరుగునట్లు ఏర్పాటు చేసిరి. పల్లెలలో శిబిరములు పెట్టి, శుక్లములతో చూపు కోల్పోయినవారిని వైద్యశాలకు తోడ్కొని వచ్చిరి. కంటిలో నమర్చు విదేశపు కటకములు మిక్కిలి ప్రియమై యుండగా, 1992లో ఆరోలాబ్ నెలకొల్పి ఇచ్చటనే చౌకగా చేయించిరి. వారు 2006లో దివంగతులైరి. సంస్థ మాత్రము నిలిచి వృద్ధి పొందినది. అందలి ఉద్యోగులు జీతము గొనియే సేవ చేయుచున్నారు.

కావున సంస్థను నడుపువారికి మంచి మనస్సుతోపాటు లెక్కల నేర్పు, ఓర్పు, తెలుగునను తమిళమునను పదిమందిని కలుపుకొను మాటతీరు కావలెను. ఇవి బాల్యముననే అలవడును. సంఘపు వేడుకలకు చందా పుస్తకమును బిడ్డచేత వ్రాయింపుడు. సాయంకాలము పైకము సరిచూపింపుడు. రేపు ఆ బిడ్డయే సేవకు పోదునన్నచో వలదనకుడు. లెక్క తప్పక చూపుమని మాత్రము చెప్పుడు.