గర్భమున శిశువు ఉండు తీరు

నెలలు నిండిన గర్భమునందు శిశువు సాధారణముగా తల క్రిందుగా నుండును. శిశుదేహమున తలయే గట్టిది, పెద్దది. అది ముందుగా వచ్చినచో మార్గము విచ్చుకొని, తక్కిన దేహము సులభముగా వెలువడును.

నూటికి ముగ్గురు, నలుగురు శిశువులు మాత్రము అప్పటికిని ఎదురుకాళ్లతోనో, పిరుదులు క్రిందుగానో ఉందురు. అట్టి కాన్పులో దేహము వెలువడిన పిదప తల చిక్కుకొనవచ్చును. బొడ్డుత్రాడు నొక్కుకొని శిశువునకు ప్రాణవాయువు అందకపోవచ్చును. శిశువు అడ్డముగా నున్నచో కాన్పు సహజముగా జరుగనేరదు. ఆలస్యమైనచో గర్భాశయము చినిగి తల్లి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును.

ఏడవ నెలలో ఎదురుకాళ్లతో నున్న శిశువులలో పెక్కుమంది తరువాత తామే తిరుగుదురు. కావున అప్పుడే భయపడనక్కరలేదు. తొమ్మిదవ నెలలో మాత్రము పరీక్ష తప్పక చేయించుకొనవలెను. తగిన సందర్భములలో 37 వారములు నిండిన పిదప వైద్యులు ఆస్పత్రిలో కడుపుపై చేతులుంచి శిశువును మెల్లగా త్రిప్పుదురు. లేనిచో శస్త్రచికిత్సను యోచింతురు. ఇంటివద్ద మర్దనముతో త్రిప్పబూనుట అపాయకరము.

2016 నుండి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. శిశువు ఎదురుగానో, అడ్డముగానో ఉన్నదని తెలిసిన తల్లి, ఉమ్మనీరు పోయినచో, నొప్పులకై వేచియుండక తక్షణమే ఆస్పత్రికి చేరవలెను.