కరెంటు ఆగాక చర్మం కమిలిందేం?

ప్రశ్న: మాది బురుజుపేట. రొమ్ము ఆపరేషన్ తర్వాత 15 రోజులు కరెంటు పెట్టించుకున్నాను. పెట్టినన్నాళ్లూ చర్మం బాగానే ఉంది. అయిపోయి వారం దాటాక చంక కింద నల్లబడి, పొట్టు లేచి, ఇప్పుడు రసి కారుతోంది. మోతాదు ఎక్కువై కాలిపోయిందని మా ఆడపడుచు అంటోంది. పెట్టింది ముందు వైపయితే భుజం వెనకాల కూడా నల్లమచ్చ పడింది. ఎందుకిలా?
- ఒక పాఠకురాలు, వన్ టౌన్

జవాబు: కాలలేదమ్మా. నిప్పు తగిలితే ఆ క్షణమే చురుక్కుమంటుంది, పూట తిరక్కుండానే బొబ్బ తేలుతుంది. మీరు కరెంటు అంటున్న రేడియేషన్ ఇచ్చే బల్ల మీద పడుకున్నప్పుడు మీకు వెచ్చదనం కూడా తెలిసి ఉండదు. చర్మం పైపొరలో ఉండేవి చచ్చిన కణాలే. రోజూ కొన్ని రాలిపోతుంటాయి. ఆ లోటును పూడ్చేది అడుగునున్న మూలపొర. అక్కడ పుట్టిన కణం పైకి చేరి రాలడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రేడియేషన్ కిరణం కణంలోని నీటిని చీల్చి ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. అవి డీఎన్‌ఏ పోగులను తెంపుతాయి. కిరణం తానుగా కూడా కొంత తెంపుతుంది. రెండు పోగులూ ఒకేచోట తెగిన కణం చాలాసార్లు అప్పటికప్పుడు చావదు, రెండుగా విడిపోబోయే వేళ చస్తుంది. ఈలోగా పైనున్న పాత చర్మం తన లెక్క ప్రకారం రాలుతూనే ఉంటుంది. నారుమడి పోయిన సంగతి నాట్ల వేళకు గానీ బయటపడనట్టే, మూలపొరకు తగిలిన దెబ్బ పైకి తేలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మీది మూడు వారాల చికిత్స కాబట్టి ముగిశాకే బయటపడింది. మామూలుగా చికిత్స అయిన ఒకటి రెండు వారాలకు ఇది బాగా ముదురుతుంది. ఆ తర్వాత మిగిలిన మూలకణాలు, వెంట్రుకల కుదుళ్లలో దాగినవీ అంచుల్లో ఉన్నవీ, మళ్లీ పొర అల్లుతాయి. ఈ మాట ఆఖరి రోజున ఆసుపత్రిలో ఒక్కరు చెప్పి పంపినా సగం ఇళ్లలో కంగారు తప్పుతుంది.

చంకలోనే ఎందుకంటే, ఇప్పటి లీనియర్ యాక్సిలరేటర్ల 6 ఎంవీ కిరణం పూర్తి బలం అందుకునేది చర్మం మీద కాదు, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున. కోబాల్ట్ యంత్రంలో ఆ లోతు అర సెంటీమీటరే. పైచర్మానికి దొరికే ఆ వెసులుబాటు మడతల్లో పోతుంది, ఎందుకంటే ఒక మడత వెనక దాగిన చర్మం కిరణానికి లోతున ఉన్నట్టే. దానికి మన విశాఖ చెమట, జాకెట్టు ఒరిపిడి తోడు. ఇక భుజం వెనక మచ్చ. మెడ పక్క గుంటలోని గ్రంథులకు ముందు నుంచి ఇచ్చిన కిరణం లోపలే ఆగిపోదు, వెనక నుంచి బయటికి పోతుంది. పోయేచోట రంగు కణాలు రేగి నలుపు తేలుతుంది. కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతుంది.

ఇంకో మాట. ఆసుపత్రి కరపత్రాల్లో 'చర్మం ఎర్రబడితే చెప్పండి' అని రాస్తారు. మన చామనఛాయలో ఎరుపు ఎక్కడ కనబడుతుంది? నల్లబడి, వెచ్చగా, బిగుతుగా ఉన్నా అది ఎర్రబడినట్టే. మీకిప్పుడు రసి కారుతోంది కాబట్టి వైద్యం చేసినచోటే వెంటనే చూపించుకోండి, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) అయినా, అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రి అయినా.

ప్రశ్న: మా అమ్మకు అడ్డపొగ అలవాటు. అంగుట్లో క్యాన్సర్ వచ్చింది. అయిదో వారం కరెంటు నడుస్తోంది, మెడ మీద చర్మం ఊడి తడితడిగా ఉంది. కనకమహాలక్ష్మి అమ్మవారి పసుపు రాస్తే మానుతుందంటున్నారు. కరెంటు గురి కోసం గీసిన గీతలు చెరిగిపోతాయని స్నానం కూడా మాన్పించాం.
- ఒక పాఠకుడు, కొత్తరోడ్డు

జవాబు: మండే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే ఈ అలవాటుకూ అంగుటి క్యాన్సర్‌కూ ఉన్న లంకె గురించి విశాఖ వైద్యులు 1957లోనే రాశారు. అయినా మన జిల్లాల్లో పెద్దాడవాళ్ల నోట అది ఇంకా ఆరలేదు.

అమ్మవారి పసుపు నుదుటికి పెట్టండి బాబూ, పచ్చి పుండుకు వద్దు. పొడి రేణువులు రసిలో అట్టకట్టి, కట్టు మార్చినప్పుడల్లా కొత్త చర్మాన్ని లాక్కొస్తాయి. పసుపును శాస్త్రం చిన్నచూపు చూసిందని కాదు. మంగళూరులో 50 మంది నోరు, మెడ క్యాన్సర్ రోగుల మీద పసుపు, చందన తైలం కలిసిన క్రీము పరీక్షిస్తే బేబీ ఆయిల్ కంటే మేలనిపించింది. కానీ అది మొదటి నుంచీ రాసిన క్రీము, పుండు పడ్డాక చల్లిన పొడి కాదు. అమెరికాలో 600 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగులకు పసుపులోని కర్క్యుమిన్‌ను మాత్రలుగా ఇచ్చి చూస్తే చర్మానికి ఒరిగిందేమీ లేదు.

పొర ఊడినచోట అసలు భయం సూక్ష్మజీవులది. చాలామంది ముక్కులో స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా ఊరికే మకాం పెట్టి ఉంటుంది. కంచె తెగిన చర్మం మీదికి దిగితే మంటను ఎగదోస్తుంది. న్యూయార్క్ వైద్యులు 2023లో ప్రచురించిన పరీక్షలో, చికిత్సకు ముందు నుంచీ మధ్యమధ్యలో ముక్కులో మ్యుపిరోసిన్ పూసి, క్లోర్‌హెక్సిడిన్‌తో ఒళ్లు కడిగించిన వారిలో ఒక్కరికీ చర్మం తడిగా ఊడలేదు. మామూలు పద్ధతిలో ఉన్నవారిలో సుమారు నాలుగో వంతు మందికి ఊడింది. మందుల షాపుకెళ్లి మీరే కొనేయకండి, మీ డాక్టరును అడగండి.

స్నానం మాన్పడం మాత్రం పొరపాటు. గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, రుద్దకుండా మెత్తని బట్టతో అద్దడం చాలు. గీతలు చెరిగితే టెక్నీషియన్ మళ్లీ గీస్తారు.

ప్రశ్న: కరెంటు పెట్టించుకుని వచ్చిన మా అత్తగారు మనవణ్ని ఎత్తుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. బయటి యంత్రంతో ఇచ్చే చికిత్సలో స్విచ్ ఆపాక ఒంట్లో కిరణం ఏదీ మిగలదు.

ప్రశ్న: నాకు రేడియేషన్ అయి మూడేళ్లయింది. అప్పట్లో చర్మం మానిపోయింది. ఇప్పుడు రొమ్ము గట్టిపడి, సన్నని ఎర్ర నరాలు తేలాయి. జబ్బు తిరగబెట్టిందా?
- పూర్ణా మార్కెట్ దగ్గరి ఒక గృహిణి

జవాబు: చూపించుకునేదాకా అవుననీ కాదనీ అనకూడదు, కాబట్టి ఈ వారమే చూపించుకోండి. అయితే మీరు రాసిన తీరు రేడియేషన్ ఆలస్యపు ప్రభావంలానే ఉంది. దీని వెనక ఉన్నది మూలపొర కాదు, దాని కింది లోచర్మం. అక్కడ టీజీఎఫ్-బీటా అనే సంకేత పదార్థం ఎక్కువై, ఫైబ్రోబ్లాస్టులు కొల్లాజెన్‌ను అవసరానికి మించి పోగేస్తాయి. సన్నని రక్తనాళాలు కొన్ని మూసుకుపోతాయి, మిగిలినవి ఉబ్బి పైకి కనబడతాయి. అవి నరాలు కాదు. ఇది నెలలూ ఏళ్లూ సాగే పని కాబట్టి, అప్పుడు ఊడిన చర్మం చక్కగా మానినా ఇది రావచ్చు. గట్టిదనం భుజానికి పాకకుండా ఫిజియోథెరపిస్టు దగ్గర చేతి కదలికలు నేర్చుకోండి. పొగ తాగే అలవాటు ఇంట్లో ఎవరికున్నా మీకు దూరంగా పెట్టండి. సూది గుచ్చడాలూ, వేడి నీళ్ల సంచీ కాపడాలూ ఆ వైపు వద్దు. ఆ చర్మానికి స్పర్శ మందగించి ఉంటే నిజంగానే కాలుతుంది.