కీవ్ నగరంలో వేసవి

ఋతువులు అన్ని దేశాలలోను ఉన్నాయి. కాని ఒకే ఋతువు అన్ని దేశాల ప్రజలకు ఒకే అనుభూతిని కలిగించదు. మన ప్రబంధకవులు అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణనకు ప్రముఖ స్థానమిచ్చారు. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లోని గ్రీష్మవర్ణన సుప్రసిద్ధం. మనకు గ్రీష్మమంటే మండుటెండ, ఇంకిన చెరువు, చలివేంద్రం. సూర్యుని నుండి తప్పించుకొనే కాలమది. ఐరోపా నగరాలలో అదే వేసవి సూర్యునికి ఎదురేగి స్వాగతం పలికే కాలం.

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయాలైన జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌ల నుండి చిత్రబృందాలు పాటల చిత్రీకరణకై ఐరోపాకు వెళ్లడం చిరకాలంగా ఉన్నదే. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వం వహించిన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలోని ‘నాటు నాటు’ గీతం 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో చిత్రితమైంది. చంద్రబోస్ రచించి, కీరవాణి స్వరపరచిన ఆ గీతం 2023లో ఆస్కార్ పురస్కారం పొందింది. అందులో ఆంగ్లేయుల భవనంగా కనిపించేది ఆ దేశాధ్యక్షుని అధికార నివాసమైన మరీన్‌స్కీ సౌధం. మరి ఆ సౌధం చుట్టూ ఉన్న నగరం ఎటువంటిది?

హైదరాబాదు 17వ ఉత్తర అక్షాంశం సమీపంలో ఉండగా, కీవ్ 50వ అక్షాంశం సమీపంలో ఉంది. అందువల్ల అక్కడ డిసెంబరులో పగలు ఎనిమిది గంటలే. జూన్‌లో పదహారు గంటలకు పైమాటే. వైద్యవిద్యకై అక్కడికి వెళ్లిన తెలుగు విద్యార్థికి జూన్‌లో రాత్రి తొమ్మిది గంటలకు కూడా వెలుగుండడం వింతగా తోస్తుంది. దీర్ఘమైన శీతకాలాన్ని ఓర్చిన నగరవాసులు ఆ వెలుగును వృథా చేయరు. నీపర్ నది దీవుల ఇసుక తిన్నెలపై ఎండకు ఒళ్ళప్పగిస్తారు. క్రెష్చాటిక్ వీథిలో కుటుంబసమేతంగా విహరిస్తారు. రొట్టెను పులియబెట్టి చేసిన ‘క్వాస్’ అనే పానీయంతో దాహం తీర్చుకొంటారు.

నగరం వెలుపల ఎందరికో ‘దాచా’ అని పిలిచే చిన్న తోట ఇళ్లున్నాయి. ఈ మాటకు మన ‘దాచు’ ధాతువుతో సంబంధం లేదు. కాని అక్కడ జరిగే పని మాత్రం దాచడమే! తోటలో పండించిన దోసకాయలను ఉప్పునీటిలో ఊరవేస్తారు. చెర్రీపండ్లను పాకం పట్టి సీసాలకెత్తుతారు. మన ఇళ్లలో వేసవిలో ఆవకాయ పెట్టి జాడీలకెత్తినట్లే, రాబోయే శీతకాలానికై వారు వేసవిని భద్రపరచుకొంటారు. ఎండ తీరు వేరైనా గృహిణి ముందుచూపు ఒక్కటే.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దండయాత్ర ప్రారంభించింది. తెలుగు విద్యార్థులు పోలెండ్, రొమేనియా, హంగరీ సరిహద్దులు దాటి, భారత ప్రభుత్వం చేపట్టిన ‘ఆపరేషన్ గంగ’ ద్వారా స్వదేశం చేరుకొన్నారు. మార్చి 25న ‘ఆర్.ఆర్.ఆర్.’ విడుదలై మన థియేటర్లు కేరింతలతో మారుమ్రోగిన వేళ, కీవ్ పౌరులు ఎందరో భూగర్భ రైల్వే స్టేషన్లలో తలదాచుకొంటున్నారు.

ఆ గీతంలో మనం చూసే నిర్మలాకాశం ఆ దండయాత్రకు ముందటి చివరి వేసవిది. నర్తకుల పాదాల వేగాన్ని మెచ్చుకొనే మన కన్నులు వారి వెనుకనున్న నగరాన్ని కూడా చూడాలి. వెండితెరపై మనకు నేపథ్యంగా కనిపించే ప్రతి ఊరూ ఎవరికో సొంత ఊరే.