మూలకణాలు ఎక్కిస్తే ఊపిరితిత్తులు కోలుకుంటాయా?

ప్రశ్న: మా నాన్నగారికి ఫ్లూ న్యుమోనియాగా ముదిరి వెంటిలేటర్ పెట్టారు. మూలకణాలు ఎక్కిస్తే బతుకుతారని, లక్షల్లో ఖర్చవుతుందని ఒకరు చెప్పారు. చేయించమంటారా?

జవాబు: దయచేసి డబ్బు కట్టకండి. ఎముక మజ్జ, బొడ్డుతాడు వంటి వాటి నుంచి తీసిన మూలకణాలను నరంలోకి ఎక్కిస్తారు. అవి కొత్త ఊపిరితిత్తిని మొలిపించవు. వాపును అణిచే రసాయనాలు వదులుతాయి. ఆశంతా దాని మీదే. కానీ అమెరికాలో వెంటిలేటర్ మీదున్న కొవిడ్ రోగులపై ఇలాంటి కణాలతో జరిపిన పరీక్షలో మరణాలు తగ్గే సూచన కనబడక, 2020 డిసెంబరులో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి వైద్యం అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ అంటే, దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్ఐ) నమోదు నంబరు అడగండి. యాంటీవైరల్ మందు, బోర్లా పడుకోబెట్టడం గురించి ఐసీయూ డాక్టరుతో ఈరోజే మాట్లాడండి.